పాత కారు ఏసీకి గ్యాస్ కొడితే సరిపోదు!

మా పెదనాన్నది 1990 నాటి కాంటెస్సా. ఏసీ చల్లగా రావట్లేదని ఓ షెడ్డులో గ్యాస్ కొట్టించారు. నెల తిరక్కుండానే కంప్రెసర్ పట్టేసింది. విప్పి చూస్తే గానీ సంగతి అర్థం కాలేదు.

అప్పటి కార్లలో వాడింది ఆర్-12. ఓజోన్ పొరకు చేటని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దానికి చెల్లుచీటీ ఇచ్చేశారు. ఇప్పుడు షెడ్లలో దొరికేది ఆర్-134ఎ. తంటా ఏంటంటే, పాత మినరల్ ఆయిల్ ఈ కొత్త గ్యాస్‌తో కలవదు. గ్యాస్‌తో పాటు తిరిగి కంప్రెసర్‌కు చేరాల్సిన ఆయిల్ పైపుల్లోనే ఉండిపోతుంది. ఆయిల్ అందని కంప్రెసర్ ఎన్నాళ్లు తిరుగుతుంది చెప్పండి?

ఈసారి తొందరపడలేదు. వేరే కంప్రెసర్ కోసం నెలన్నర తిరిగాం (ఆ కథ వేరే!). లైన్లన్నీ ఫ్లష్ చేసి, ఎస్టర్ ఆయిల్ పోసి, ఓ-రింగులు, డ్రయర్ మార్చాం. వ్యాక్యూమ్ పెట్టి, గేజ్ ముల్లు కదలట్లేదని చూసుకున్నాకే గ్యాస్ ఎక్కించాం. అదీ పాత లెక్కలో 80-90 శాతమే. పూర్తిగా నింపితే ప్రెజర్ పెరిగిపోతుంది.

బీటెక్‌లో థర్మోడైనమిక్స్ పాసయ్యానే గానీ, నేను మ్యానిఫోల్డ్ గేజ్ పట్టుకోవడం ఇదే మొదలు. దగ్గరుండి నేర్పిన కుర్రాడు ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ ట్రేడ్ చేశాడు. రెండేళ్ల కోర్సు, పది పాసైతే చేరొచ్చు.

మొన్న మిట్టమధ్యాహ్నం పెదనాన్న అద్దాలెత్తుకుని మరీ విజయవాడ బయల్దేరారు.