పేరు పెట్టి పిలిచే బడి

మంజీర ఒడ్డున పొద్దు వాలే వేళ మీరెప్పుడైనా నిలిచి చూశారా? వరికోతలు ముగిసిన మడులలో మంద పెట్టించుకొనడానికి రైతులు గొర్రెల కాపరులను పిలుచుకొంటారు. చీకటి పడేలోగా కాపరి మందను లెక్క చూసుకొంటాడు. మన కళ్ళకు అన్నీ ఒకే తీరుగా కనిపించే గొర్రెలలో అతనికి ఏ ఒక్కటీ మరొకదానిలా ఉండదు. కుంటుతున్నదేదో, మేత మానినదేదో, తల్లిని వెదుక్కొంటున్న పిల్ల ఏదో అతడు చూపుతోనే పోల్చుకొంటాడు. ఒకటి తగ్గితే తక్కినవన్నీ ఉన్నాయి కదా అని అతనికి నిద్ర పట్టదు.

క్రీస్తు తన్ను తాను మంచి కాపరిగా చెప్పుకొన్న ఘట్టం యోహాను సువార్త పదవ అధ్యాయంలో ఉన్నది. ఆ కాపరి గొర్రెలను పేరు పేరునా పిలుస్తాడు. లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలోని కాపరి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళతాడు. ఈ పోలికను బట్టే కతోలిక సంప్రదాయం మనుషుల యోగక్షేమాలను కనిపెట్టి చూసే పనిని కాపరి సేవగా భావించింది. ప్రాథమిక పాఠశాలలో ఆ సేవ ఏ రూపం దాల్చాలన్నది ఈ వారం మీతో పంచుకోదలచిన విషయం. ఆ సేవ అనగానే ఉదయపు ప్రార్థన, గోడమీది సిలువ, క్రిస్మస్ వేడుక మన మనసులో మెదులుతాయి. అవన్నీ ఉండవచ్చు. కాని అసలు సంగతి హాజరు పట్టికలోని పేరుకూ, ఆ పేరు గల పిల్లవాడికీ మధ్య ఉన్న దూరంలో ఉన్నది.

బాన్సువాడనే తీసుకోండి. 2016 అక్టోబరులో నిజామాబాదు జిల్లా నుండి విడివడిన కామారెడ్డి జిల్లాలోని పట్టణమిది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇక్కడికి చేరువలోనే ఉన్నది. ఆ నీటి చలువతో వరి, చెరకు పండిన నేల. అయినా వలస తప్పలేదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లా పల్లెల నుండి దుబాయి, మస్కట్, సౌదీ దేశాలకు మగవారు కూలికి వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నది. ఇంట మిగిలిన తల్లి చాట ముందు కూర్చొని బీడీలు చుడుతుంది. పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతారు. తండ్రి అంటే ఫోనులో వినిపించే గొంతు, రెండేళ్ళకో మూడేళ్ళకో సూటుకేసుతో దిగే మనిషి.

ఇటువంటి ఇంటి నుండి రెండవ తరగతికి వచ్చే ఒక పిల్లవాణ్ణి ఊహించుకోండి. నిన్నటివరకు చలాకీగా ఉన్నవాడు ఉన్నట్టుండి మౌనంగా కూర్చొంటున్నాడు. తెచ్చుకొన్న అన్నం డబ్బా తెరవకుండానే తిరిగి తీసుకువెళుతున్నాడు. రోజూ ప్రార్థన వేళకు కడుపునొప్పి అంటున్నాడు. ఎక్కాలు అప్పజెప్పలేదని ఉపాధ్యాయురాలు నిలబెడితే ఆ పూట గడచిపోతుంది. అదే ఆమె విరామ సమయంలో పక్కన కూర్చొని, “ఏమైంది నాయనా?” అని అడిగితే, “బాపు ఈసారి రాడట” అన్న ఒక్క మాట బయటపడవచ్చు. ఎక్కం రాకపోవడానికి కారణం ఆ ఒక్క మాటలోనే ఉన్నది. దానిని కనుగొనడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. కావలసింది పది నిమిషాలు. తరగతిలో యాభై మంది ఉన్న ఉపాధ్యాయురాలి వద్ద లేనివి కూడా ఆ పది నిమిషాలే!

తండ్రి లేని లోటు ఎరిగిన ఒక మహనీయుడి కథ ఇక్కడ చెప్పాలి. ఇటలీ దేశంలో 1815లో పుట్టిన పునీత జాన్ బోస్కోకు రెండేళ్ళు నిండకముందే తండ్రి గతించాడు. తల్లి మార్గరీతా కష్టం చేసి పెంచింది. గురుపట్టం పొందిన ఆరు నెలలకు, 1841 డిసెంబరు 8న, నిష్కళంక మాత పండుగనాడు, ట్యూరిన్ నగరంలోని ఒక దేవాలయంలో ఆయన పూజకు సిద్ధమవుతున్నాడు. చలికి తాళలేక ఒక కుర్రవాడు లోపలికి వచ్చి నిలుచున్నాడు. పూజలో సాయం చేయమని ఆలయ పరిచారకుడు అడిగితే, తనకు రాదన్నాడు. రానివాడివి ఇక్కడెందుకని పరిచారకుడు కర్రతో కొట్టి తరిమాడు. బోస్కో ఆ కొట్టినవాణ్ణి మందలించి, వాడు నా స్నేహితుడు, వెంటనే పిలుచుకురమ్మన్నాడు. అప్పటికి వాడి పేరు కూడా ఆయనకు తెలియదు.

పూజ ముగిశాక ఆయన ఆ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని మొదట అడిగినది పేరే. బర్తొలొమేయో గరెల్లి, వయసు పదహారు. తల్లిదండ్రులు లేరు. చదవడం రాదు, రాయడం రాదు. పాడగలవా అంటే అదీ రాదు. మరి ఈల వేయగలవా అని అడిగేసరికి వాడి ముఖంలో నవ్వు విరిసింది. ఈ సంగతి బోస్కో జీవితకథలలో కనిపిస్తుంది. గమనించండి, ఆయన సిలువ గుర్తు వేయడం నేర్పినది ఆ నవ్వు తరువాతే. రానివి నాలుగు తేలాక, వచ్చినది ఒకటి దొరికేదాకా అడగడం ఆయన విడిచిపెట్టలేదు. ప్రగతి పత్రంలో ఎర్ర సిరా గీతలు లెక్కపెట్టే మనం ఈలకు ఏ గడి కేటాయించాము?

తరువాతి కాలంలో తన పద్ధతిని ఆయన 1877లో ఒక చిన్న పుస్తకంగా వెలువరించాడు. తప్పు చేశాక శిక్షించడం కాక, తప్పు చేసే అవసరమే రాకుండా పిల్లల నడుమ పెద్దలు మసలడం దాని సారం. వివేకం, విశ్వాసం, వాత్సల్యం అనే మూడింటి మీద ఆయన దానిని నిలిపాడు. 1884లో రోము నుండి తన సహచరులకు రాసిన లేఖలో మరొక అడుగు ముందుకు వేసి, పిల్లలను ప్రేమించడం చాలదనీ, తాము ప్రేమింపబడుతున్నామని ఆ పిల్లలకు తెలియాలనీ హెచ్చరించాడు. ఆటస్థలంలో పిల్లలతో కలవని ఉపాధ్యాయుణ్ణి చూసి ఆయన బాధపడ్డాడు.

ట్యూరిన్ నగరానికీ మన తెలంగాణకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఆ నగరంలో జూలియా బరోలో అనే ప్రభుకుటుంబపు స్త్రీ ఉండేది. ఆమె, ఆమె భర్త కలిసి 1834లో పునీత అన్నమ్మ సోదరీమణుల సభను స్థాపించారు. పదేళ్ళ తరువాత ఆమె నడిపే ఆశ్రమంలోనే బోస్కో గురువుగా కొలువు చేశాడు. ఆరోగ్యం చెడుతున్నదని, వీధి పిల్లలను వదలి కొలువు చూసుకొమ్మని ఆమె పట్టుబడితే, ఆయన కొలువు వదిలి పిల్లలను ఉంచుకొన్నాడు! ఆమె సభకు చెందిన కన్యస్త్రీలు 1871లో సికిందరాబాదుకు వచ్చి బాలికలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. బోస్కో బిడ్డలైన సలేషియన్ గురువులు 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ తెరచి, రైల్వేస్టేషనులో తిరిగే పిల్లలను చేరదీశారు.

ఇంత ఘనమైన వారసత్వం ఉన్నది గనుక ప్రతి బడిలోనూ అదే వాత్సల్యం వెల్లివిరుస్తున్నదని చెబితే మీరు నమ్మరు. నమ్మనవసరం లేదు కూడా. కాన్వెంటు అంటే క్రమశిక్షణ, క్రమశిక్షణ అంటే బెత్తం అనే పేరు మన ఊళ్ళలో ఊరికే రాలేదు. “రెండు తగిలించండి సిస్టర్, అప్పుడు గానీ దారికి రాడు” అని చెప్పి వెళ్ళే తల్లిదండ్రులకూ అందులో భాగమున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే పాఠశాలల్లో దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడవ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చిన మాట నిజమే. అయితే గరెల్లి వీపు మీద పడిన దెబ్బకు అడ్డుపడినవాణ్ణి పునీతుడిగా కొలిచేవారికి, బెత్తం పక్కన పెట్టడానికి చట్టం వర్తింపు అవసరమా?

మరొక ప్రశ్న మీలో చాలామంది మనసులో ఉంటుంది, మర్యాదకు పైకి అడగరు. మన ప్రాంతపు కతోలిక బడులలో చదివేవారిలో హిందూ, ముస్లిం పిల్లలే ఎక్కువ. వారిని చేరదీయడం మతంలోకి చేర్చుకోవడానికా? రాజ్యాంగం ఇరవై ఎనిమిదవ అధికరణం దీనికి గీత గీసింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందిన విద్యాసంస్థలో మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనమని ఒత్తిడి చేయరాదు. కతోలిక పిల్లలకు సత్యోపదేశం, తక్కినవారికి నీతిబోధ అని వేరుచేసే వాడుక మన బడులలో ఏనాటినుండో ఉన్నది. 2024లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన విద్యాసంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాలలో, అన్యమత విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దరాదని, ప్రతిరోజూ రాజ్యాంగ పీఠిక చదివించాలని, సర్వధర్మ ప్రార్థనాలయం ఏర్పరచాలని పేర్కొన్నది. రంజాను మాసంలో నీరసించిన పిల్లవాణ్ణి ఎండలో పరుగెత్తించని ఉపాధ్యాయుడు, బతుకమ్మ పూల రంగు చేతికి అంటుకొని వచ్చిన పిల్లను చూసి మురిసిపోయే కన్యస్త్రీ, ఆ మార్గదర్శకాలను చదవకుండానే పాటిస్తున్నారు.

భాష సంగతి చెప్పకపోతే ఈ మాట అసంపూర్ణమవుతుంది. తండా నుండి వచ్చే బిడ్డ ఇంట లంబాడీ మాట్లాడుతుంది, వీధిలో తెలుగు వింటుంది, బడిలో ఆంగ్లం ఎదురవుతుంది. సరిహద్దు మండలాల నుండి కన్నడం, మరాఠీ ఇంటిభాషగా వచ్చేవారున్నారు. “తెలుగులో మాట్లాడితే జరిమానా” అనే బోర్డు కింద ఆ బిడ్డ తన దుఃఖం ఎవరితో చెప్పుకొంటుంది? పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సులో పేదపిల్లలకు బడులు తెరచిన పునీత జాన్ బాప్టిస్ట్ డి ల సాల్, ఆనాటి ఆచారానికి భిన్నంగా లాటిను బదులు పిల్లల సొంత భాషలోనే చదవడం నేర్పించాడు. ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా తిరుసభ గౌరవించేది ఆయననే. ఆంగ్ల మాధ్యమం మీద ఇల్లు గడుపుకొనే మన బడులకు ఈ ముచ్చట కొంచెం ఇబ్బందికరమే.

నిజామాబాదు ప్రాంతం హైదరాబాదు అగ్రపీఠం పరిధిలోనిది. ఆ పీఠాన్ని అధిష్ఠించి, 2022 ఆగస్టులో కార్డినల్ పదవి అందుకొన్న పూల ఆంథోనీ గారు తన బాల్యం గురించి చెబుతూ, పేదరికం వలన ఏడవ తరగతితో చదువు ఆగిపోయిందనీ, మిషనరీలు చేరదీసి కడపలో చదివించారనీ గుర్తుచేసుకొన్నారు. ఆనాడు పట్టికలో ఆగిపోయిన ఒక పేరును ఎవరో గమనించారు.

కాపరి సేవకు కొన్ని హద్దులు కూడా ఉన్నవి. బడిలోనో ఇంటిలోనో పిల్లలపై లైంగిక అకృత్యం జరిగిందని తెలిస్తే, పరువు పోతుందని లోలోపల సర్దుబాటు చేయడం దయ కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం ప్రతివారి విధి, దాచడం నేరం. బడి గోడమీద పునీతుల పటాల పక్కనే 1098 అనే బాలల సహాయ సంఖ్య కూడా పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండాలి. ప్రార్థనతో తీరని దిగులు ఉన్న బిడ్డను మానసిక వైద్యుని దగ్గరకు పంపడం విశ్వాస లోపమూ కాదు.

రేపు సోమవారం. మీ బిడ్డ ఏ బడిలో చదువుతున్నా సరే, ఒకసారి వెళ్ళి తరగతి ఉపాధ్యాయురాలిని కలవండి. ర్యాంకు అడగకండి, అది కాగితం మీద ఎలాగూ వస్తుంది. “మా వాడు మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చొని అన్నం తింటాడమ్మా?” అని అడగండి. ఆమె తడుముకోకుండా ఒక పేరు చెబితే నిశ్చింతగా ఇంటికి రండి. చెప్పలేకపోతే కోపగించుకోకండి. మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆ వరండా వైపు తప్పక ఒకసారి తొంగిచూస్తుంది.