చవక లిథియం బ్యాటరీలు – చాటున ఉన్న చిక్కులు

కోనసీమవాసికి కరెంటు పోవడం కొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను కొబ్బరితోటలతో పాటు విద్యుత్ స్తంభాలను కూడ నేలకూల్చింది. తరువాత అనేక దినాలు గ్రామాలు చీకటిలోనే గడిపాయి. 2025 అక్టోబరు 28న తీరం దాటిన మొంథా తుఫాను ఆ పాత భయాన్ని మరల జ్ఞాపకం చేసింది. అందుచేత అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఇంటికొక ఇన్వర్టరు, దానికొక బ్యాటరీ ఉండడాన్ని విలాసమని ఎవరూ అనరు. ఇంటిపై సోలారు పలకలు పెట్టుకున్నవారికి సైతం ఇది అవసరమే. బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపిన సోలారు యంత్రం, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలు బాగుచేసే కార్మికునికి ప్రాణాపాయం కలుగకుండా చేసిన ఏర్పాటు అది. కనుక నడిమధ్యాహ్నపు ఎండలో కూడ ఫ్యాను తిరగదు.

ఈ పనికి మొన్నటివరకు సీసం, ఆమ్లం కలిసిన బరువైన బ్యాటరీలే దిక్కు. వాటికి అప్పుడప్పుడు నీరు పోయాలి. ఇప్పుడు వాటి స్థానంలో తేలికైన లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. ఇది సామాన్యమైన విద్య కాదు. లిథియం-అయాన్ బ్యాటరీ 1991లో బజారుకు వచ్చింది. దానికి మూలమైన పరిశోధన చేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం లభించింది. నేడు ఇళ్ళలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని 1997లో లోకానికి తెలిపినది గుడినఫ్ బృందమే. కనుక మా ఆక్షేపణ ఆ విద్యమీద కాదు. ఆ పేరు తగిలించుకుని, సగం ధరకు, బిల్లు కూడ లేకుండా వచ్చే పెట్టెమీద.

ఆ పెట్టెలో ఉండేవి రెండు: సెల్లులు, వాటిని కాపలా కాచే ఒక చిన్న సర్క్యూటు. ఒక్కొక్క సెల్లు 3.2 వోల్టులు. నాలుగు వరుసగా కలిపితే 12.8 వోల్టులు. పైన అంటించిన కాగితంమీద 100 ఆంపియర్-గంటలు అని ఉంటుంది. లోపలివి కొత్త సెల్లులా, వేరొక వాహనంలో కొన్నేళ్ళు పనిచేసి రంగుతొడుగు మార్చుకున్న సెల్లులా అన్నది కొన్నవానికి కనబడదు. మొదటి రోజున రెండూ ఒకే విధంగా వెలుగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. అయితే దీనిని కనిపెట్టడానికి గొప్ప యంత్రాలేవీ అక్కరలేదు. 12.8ని 100తో గుణిస్తే 1280 వాట్-గంటలు. ఇన్వర్టరు తినే భాగం పోగా, ఫ్యాన్లు, దీపాలు కలిపి 100 వాట్ల పనిని అది సుమారు 11 గంటలు నడపాలి. 7 గంటలకే ఆగిపోతే, కాగితంమీది అంకె అబద్ధమన్నమాట. మన ఫిజిక్సు విద్యార్థులు దీనిని ప్రయోగంగా చేసి చూపవచ్చును.

కాపలా సర్క్యూటు సంగతి ఇంకా ముఖ్యం. ఏ సెల్లు అయినా నిండి పొర్లబోతే చార్జింగును ఆపడం, పూర్తిగా ఖాళీ కాబోతే వాడకాన్ని ఆపడం, వేడెక్కితే మొత్తాన్ని తెంచడం దాని విధులు. చవక పెట్టెలలో మొదట కోతపడేది దానికే. మోటారు, ఫ్రిజ్ వంటివి మొదలయ్యే క్షణంలో మామూలుకంటె అనేక రెట్లు కరెంటు లాగుతాయి. ఆ తాకిడికి సర్క్యూటులోని చిన్న స్విచ్చులు కాలిపోతే, తరచుగా అవి తెగిపోవు, కలిసిపోయి అతుక్కుంటాయి. అప్పుడు బ్యాటరీ యథాప్రకారం పనిచేస్తూనే ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు.

పాత ఇన్వర్టరును అట్టే ఉంచి బ్యాటరీని మాత్రం మార్చేవారు చాలామంది ఉన్నారు. అటువంటి ఇన్వర్టరు సీసపు బ్యాటరీ స్వభావాన్నిబట్టి చేసినది. నాలుగు సెల్లుల లిథియం బ్యాటరీకి 14.6 వోల్టులు పైహద్దు. కొన్ని పాత ఇన్వర్టర్లు దానిని దాటి నెట్టుతాయి. పైగా సీసపు బ్యాటరీని ఎల్లప్పుడు నిండుగా ఉంచడం మేలు. లిథియం బ్యాటరీని మన వేసవి ఉక్కలో నెలల తరబడి నిండుగా ఉంచితే, వాడకపోయినా దాని ఆయుర్దాయం తరిగిపోతుంది.

ఆయుర్దాయమంటే జ్ఞాపకం వచ్చింది. పెట్టెమీద 6000 సార్లు అని అచ్చువేసి, రెండేళ్ళ గ్యారంటీ ఇచ్చేవారున్నారు. రోజుకొకసారి చొప్పున 6000 సార్లంటే పదహారు సంవత్సరాలు దాటుతుంది. అంత ధీమా గల వర్తకుడు రెండేళ్ళకే ఎందుకు చేయి కడుగుకుంటున్నాడో అడగవలసిన ప్రశ్న.

లెక్క చూద్దాం. ఇవి కేవలం ఊహించుకున్న అంకెలు. 25,000 రూపాయల బ్యాటరీ రోజుకొక యూనిట్ చొప్పున 2000 సార్లు ఇచ్చిందనుకుంటే, యూనిట్‌కు పడినది పన్నెండున్నర రూపాయలు. 15,000 రూపాయల బ్యాటరీ రోజుకు 0.6 యూనిట్ చొప్పున 500 సార్లే ఇస్తే మొత్తం 300 యూనిట్లు, అంటే యూనిట్‌కు 50 రూపాయలు. ‘మెహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్’ అని ఉర్దూ సామెత. ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారి ఏడిస్తే, చవకది కొన్నవాడు మాటిమాటికి ఏడుస్తాడు. పరీక్ష ముందటి రాత్రి చదువుకునే విద్యార్థికి, తరావీహ్ నమాజు వేళ మసీదుకు, అది ఆగిపోయే సమయం కూడ లెక్కలోనిదే.

డబ్బు నష్టంతో పోతే ఇంత వ్రాయవలసిన పని లేదు. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో చార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి మరణించారు. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం వాహనాల బ్యాటరీల భద్రతా పరీక్షలను కఠినతరం చేసింది. బిల్లు లేకుండా ఇంటికి వచ్చే పెట్టె ఏ పరీక్షకు నిలిచిందో చెప్పేవారెవరు? ఐరన్ ఫాస్ఫేట్ రకం అంత సులభంగా మండదన్నది నిజమే. కాని మితిమీరి వేడెక్కినప్పుడు అది కూడ మండే స్వభావం గల వాయువులను, విషవాయువులను వెడలగక్కుతుంది. మన ఇళ్ళలో బ్యాటరీకి ఇచ్చే చోటు మెట్లకింద గది, లేదా పీచు, ఎండు కమ్మలు పోసిన పాక! ఇక లంక గ్రామాలలో దానిని నేలమీద పెట్టడం మరొక ప్రమాదం. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి నీరు ఎన్ని ఇళ్ళలోకి వచ్చిందో పాఠకులకు తెలుసు. వరద నీరు లోపలికి దిగిన బ్యాటరీ, ఆరిన తరువాత కూడ, కొన్ని రోజులకు అంటుకోవచ్చును. సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి కీళ్ళను తుప్పు పట్టించి అదే పని నెమ్మదిగా చేస్తుంది.

పాడైన సీసపు బ్యాటరీని అంగడివాడు తూకం వేసి కొంత సొమ్ము ఇచ్చి తీసుకుంటాడు. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో కోబాల్టు, నికెలు వంటి విలువైన లోహాలు లేవు. ఊరి పాత సామాను వర్తకునికి అది పనికిరాని బరువు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దానిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుపై, దిగుమతిదారుపై పెట్టాయి. పెట్టెమీద వారి పేరు, చిరునామా ఉంటేనే ఆ నిబంధన మనకు అక్కరకు వస్తుంది. అవి లేని బ్యాటరీ ఉబ్బిపోయి, పెరటిపాకలో పీచు పక్కనే పడి ఉంటుంది, లోపల ఇంకా కొంత కరెంటుతో.