ఓటు రోజు కూలి పోదు

బొంతపల్లి, జిన్నారం, పటాన్‌చెరు చుట్టుపక్కల చాలా కంపెనీలు ఉన్నాయి. వాటిల్లో ఎందరో ఆడవాళ్లు పని చేస్తున్నారు. కొందరికి నెల జీతం. కొందరికి కాంట్రాక్టరు కింద రోజు కూలి.

2024 మే 13న తెలంగాణలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ఆ రోజు సోమవారం. అంటే పని రోజు. ఇట్లాంటప్పుడు కూలి అక్కలకు ఒకటే గుబులు. "ఓటుకు పోతే కూలి పోతది గదా! ఇల్లెట్ల గడవాలె?"

ఆ భయం వద్దు. దీనికి చట్టం ఉంది. పేరు ప్రజా ప్రాతినిధ్య చట్టం. 1951లో వచ్చింది. 1996లో అందులో 135-బి అనే సెక్షన్ చేర్చారు.

అది ఏం చెబుతుంది? పార్లమెంటుకు గానీ, అసెంబ్లీకి గానీ ఓట్లు పడే రోజున పనిచేసే ఓటరుకు సెలవు ఇవ్వాలి. జీతంలో కోత పెట్టకూడదు. రోజు కూలీలకు కూడా ఆ రోజు కూలి ఇవ్వాలి. పని ఇక్కడ, ఓటు వేరే ఊళ్లో ఉన్నా ఈ హక్కు ఉంటుంది. సెలవు ఇవ్వని యజమానికి 500 రూపాయల దాకా జరిమానా పడుతుంది.

మనిషి లేకుంటే ప్రమాదం గానీ, పెద్ద నష్టం గానీ జరిగే పనులు కొన్ని ఉంటాయి. వాటికి ఈ సెలవు తప్పనిసరి కాదు. అక్కడ కూడా షిఫ్టులు మార్చి, ఓటుకు పంపవచ్చు. మంచి యజమాని అట్లా చేస్తాడు. సెలవు సంగతి ముందుగానే గేటు దగ్గర రాసి పెడతాడు. అన్ని పార్టీల వారినీ ఒకే తీరుగా చూస్తాడు.

ఓటు ఎవరికి వేయాలో చెప్పే హక్కు మాత్రం యజమానికి లేదు. కాంట్రాక్టరుకూ లేదు. "ఈ గుర్తుకు వేయకుంటే పనిలోంచి తీసేస్తా" అని బెదిరిస్తే నేరం. డబ్బులు, చీరలు ఇచ్చి ఓటు అడిగినా నేరమే. మీరు ఎవరికి వేశారో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఓటు రహస్యం.

మరి మనం ఏం చేయాలి?

ఓటర్ల జాబితాలో పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. సెలవు గురించి సూపర్‌వైజరును అడగాలి. ఒక్కరే అడగడానికి జంకుతారా? నలుగురు కలిసి అడగండి. ఓటు గురించి సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోను చేయండి. కూలి కోస్తే లేబర్ ఆఫీసులో చెప్పండి.

జీతం చీటీ చేతికి వచ్చాక మడిచి కొంగున కట్టుకోకండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ఓటు రోజు కూలి అందులో పడిందా? మీరే చదివి చూసుకోండి.