జట్టు అమ్మెయ్ సామీ!

బ్రాడ్ పిట్ ‘మనీబాల్’ చూశారా? డబ్బు లేని జట్టు లెక్కలతో గెలిచే కథ. మా ఇంజనీర్లకి పిచ్చి ఇష్టం. అది చూసే నేను ఓక్లాండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టుకి ఫ్యాన్ అయ్యా.

2002లో వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు, 2023లో 162 ఆడి 112 ఓడింది. ఓటమి సరే, క్రికెట్ చూసి పెరిగినోళ్లం, మనకి కొత్తా? ఒళ్లు మండేది యాజమాన్యం మీదే. ఓల్సన్, చాప్‌మన్, మర్ఫీ... కాస్త పేరొచ్చి జీతం పెరిగే టైమైతే చాలు, వేరే జట్టుకి పంపేయడమే. కూరలో ఉప్పూకారం తీసేసి, భోజనానికి ఎవరూ రావట్లేదేంటి అన్నట్టు! 2023 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో స్టేడియానికి స్థలం కూడా చూసుకున్నారు.

జూన్ 13న ఫ్యాన్స్ ‘రివర్స్ బాయ్‌కాట్’ పెట్టారు. అంటే మానేయడం కాదు, పనిగట్టుకుని అందరూ రావడం. 27,759 మంది! ‘సెల్’ అని రాసిన ఆకుపచ్చ టీషర్టులు. ఓనర్ జాన్ ఫిషర్‌కి వినపడేలా ‘జట్టు అమ్మెయ్’ అని ఒకటే అరుపులు. ఆ రాత్రి 2-1తో గెలిచారు కూడా.

అయినా 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ అయిపోయింది. 46,889 మంది వచ్చారు. 2025లో వెస్ట్ శాక్రమెంటోలో ఒక చిన్న స్టేడియానికి మారారు. పేరులో ఊరే లేదు, ఉత్త ‘అథ్లెటిక్స్’. స్కోర్ మాత్రం ఫోన్‌లో ఇంకా చూస్తూనే ఉన్నా.