గ్యాస్ పొయ్యి మీట బిగుసుకుంటే ఏం చేయాలి?

బెంగళూరులో కొలువు చేసే పిల్లలున్న కుటుంబాలు సరిహద్దు పల్లెల్లో అనేకం. అక్కడ వాడిన గ్యాస్ పొయ్యి కొన్నాళ్లకు పల్లె ఇంటికి చేరడం సాధారణమే. దాని మీట మొరాయించినప్పుడు ఇంట్లో చేసుకోదగిన పని ఏది, మెకానిక్‌కు వదలవలసినది ఏది అన్న విచక్షణ అవసరం.

మీట వెనుక ఇత్తడి వాల్వు ఉంటుంది. దానిలోని ఇరుసు గ్రీజు సాయంతో తిరుగుతూ గ్యాసును వదులుతుంది, ఆపుతుంది. ఏళ్ల తరబడి తగిలిన వేడికి గ్రీజు ఎండిపోతుంది. పొంగిన పాలు, ఒలికిన పులుసు సందుల్లోకి దిగి గట్టిపడతాయి.

ముందుగా రెగ్యులేటరు కట్టివేసి, పొయ్యి చల్లారనివ్వాలి. సాధారణంగా మీటను నేరుగా లాగితే ఊడివస్తుంది. దానిని గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టాలి. ఇరుసు చుట్టూ ఉన్న జిడ్డును పిండిన తడిగుడ్డతో తుడవాలి, నీళ్లు పోయరాదు. ఇరుసు చదును పక్కకు మీట రంధ్రపు చదును సరిపోయేలా తిరిగి అమర్చాలి.

మీట తిరుగుతున్నా మంట మారకపోతే లోపలి ప్లాస్టిక్ పగిలి ఉండవచ్చు. అదే కొలత మీట కొని మార్చుకోవాలి. పట్టకారుతో ఇరుసు తిప్పుతూ వంట సాగించడం ప్రమాదకరం. శుభ్రం చేసినా బిగుతు తగ్గకపోతే లోపం వాల్వులోనే ఉందని గ్రహించి మెకానిక్‌ను పిలవాలి. వంటనూనె చుక్కలు వేయరాదు. అది వేడికి జిగురుగా మారుతుంది.

మరో ముఖ్య విషయం. బెంగళూరులో పలు ఇళ్లకు గెయిల్ గ్యాస్ సంస్థ గొట్టాల ద్వారా సహజవాయువు అందిస్తోంది. దానికి అనువుగా మార్చిన పొయ్యిలో జెట్ రంధ్రాలు పెద్దవి. అటువంటి పొయ్యిని పల్లెలో సిలిండరుకు తగిలిస్తే మంట పసుపుగా, ఎత్తుగా ఎగసి గిన్నెలకు మసి పడుతుంది. ఆ దోషం మీటది కాదు. జెట్లు మార్పించిన తరువాతే వాడాలి.

పని ముగిశాక రెగ్యులేటరు తెరిచి, మీటలు మూసి ఉంచి, అతుకుల వద్ద సబ్బు నురగ పూయాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్లే. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించరాదు. సిలిండరు గ్యాసు గాలి కంటే బరువైనది కనుక నేలబారున పేరుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరవాలి. కరెంటు స్విచ్చులు ముట్టుకోరాదు. అందరూ వెలుపలికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.