తలనొప్పి వెనక పాత క్యాన్సర్?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకావిడ మా ఓపీకి వచ్చారు. నెలరోజులుగా తలనొప్పి. పొద్దున లేవగానే ఎక్కువ, రెండుసార్లు వాంతి కూడా అయింది. అప్పటికే కళ్లజోడు మార్చారు, సైనస్ మందులు వాడారు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అంటే పక్కనున్న కొడుకు ‘ఏం లేవు సార్’ అనేశాడు. పరీక్ష చేస్తుంటే ఆవిడే మెల్లగా చెప్పారు, మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిందని. ‘చెల్లికి సంబంధాలు చూస్తున్నాం...’ అని కొడుకు నసిగాడు.

దయచేసి ఈ మాట డాక్టర్ దగ్గర దాచకండి. ఊపిరితిత్తులు, రొమ్ము, కిడ్నీ క్యాన్సర్లు, చర్మానికి వచ్చే మెలనోమా తగ్గాయనుకున్న ఏళ్ల తర్వాత కూడా మెదడుకు పాకొచ్చు.

విత్తనం ఎక్కడ పడినా నచ్చిన నేలలోనే మొలుస్తుందని 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ క్యాన్సర్ గురించి అన్నారు. రక్తంలో కొట్టుకొచ్చే క్యాన్సర్ కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. ఏ కొన్నో మెదడు రక్తనాళాల బిగువైన గోడను దాటి, అక్కడి కణాలను మచ్చిక చేసుకుని బతికేస్తాయి. చిక్కేమిటంటే, చాలా మందులను ఆ గోడ బయటే ఆపేస్తుంది.

ఈ చిక్కును బాగా ఎరిగిన మందు ఒకటి మనవాడి చలవే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ లేబొరేటరీస్‌లో చేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. రక్తంలో జబ్బు తగ్గిన పిల్లలకు కొన్నాళ్లకు మెదడు పొరల్లో తిరగబెట్టేది. మందు అక్కడికి సరిపడా చేరేది కాదు. అందుకే దాన్ని వెన్నులోంచి నేరుగా ఎక్కించడం మొదలైంది, నేటికీ ఎక్కిస్తున్నాం. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు ఇదంతా చూడలేదు. మా ఎంబీబీఎస్ రోజుల్లో ఆ మందు మోతాదు బట్టీపట్టాం గానీ, దాని వెనక భీమవరం మనిషి ఉన్నాడని ఎవరూ చెప్పలేదు!

ఇప్పుడు గోడ దాటే మాత్రలూ వచ్చాయి, గడ్డ మీదికే గురిపెట్టే రేడియేషనూ ఉంది. క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి కొత్తగా తలనొప్పి, ఫిట్స్, మాట తడబాటు, ఒకవైపు బలహీనత కనిపిస్తే ఎంఆర్ఐ అవసరమేమో వెంటనే అడగండి. ఫిట్స్ వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. స్టెరాయిడ్‌తో నొప్పి తగ్గినా అది వాపు తగ్గడమే, గడ్డ పోవడం కాదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే నాంపల్లిలో దిగి రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొచ్చు. పాత ఫైలు మాత్రం మరవొద్దు.

ఆ అబ్బాయి మర్నాడు ఫైలు తెచ్చాడు. బీరువాలో చీరల కింద ఉందట. అందులో ‘హెర్2 పాజిటివ్’ అని ఉంది. ఏ మందు మొదలుపెట్టాలో క్యాన్సర్ డాక్టర్లు తేల్చుకున్నది ఆ కాగితం చూశాకే.