మంచుచరియలు - మన యాత్రికులు

పెనుగొండ సీమయందలి సోదరీమణులకు మంచుకొండ కంటికి కానరానిదే యైనను, గోదావరి యొడ్డు విరిగిపడుట తెలియనిది గాదు. పైన గడ్డి మొలచి నేల గట్టిగానే తోచును. అడుగున నీరు మట్టిని కోసివేయును. ఒక్క మనుష్యుని బరువునకే యొడ్డు కూలును. హిమాలయములందు మంచుచరియలు జారుటయు నించుమించు నిట్టిదే. ఏటేట మనవారు బదరీ కేదారములకు తరలిపోవుచున్నారు గనుక, ఈ సంగతిని గృహిణులెఱిగి యుండుట మేలని మేము తలంచుచున్నాము.

మంచు కురిసిన ప్రతిమాఱును కొండపై నొక పొర యేర్పడును. మిక్కుటమగు చలిలో అడుగుపొర యొక్కొకప్పుడు పంచదార పలుకులవలె విడివిడియై, పైపొరను పట్టియుంచజాలదు. అంతట క్రొత్తమంచు బరువుగా పడినను, గాలి తెచ్చి కుప్పవేసినను, మనుష్యుడు నడచినను, పైపొర పలకవలె విడివడి జారును. 30 మొదలు 45 డిగ్రీల వాలునందే యీ భయ మధికము. పెద్దమంచు కురిసిన పిమ్మట ఒకటి రెండు దినములును, ఎండకు మంచు మెత్తబడు మధ్యాహ్నములును మిక్కిలి అపాయకరములు. కాలిక్రింద గుభిల్లుమను చప్పుడును, మంచుపై సాగు బీటలును ముందుగా తెలియవచ్చు గుఱుతులు.

ఈ విపత్తు మన తెలుగు గడపను తాకకపోలేదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో, సుమారు 19,600 అడుగుల యెత్తున, మంచుగోడ విరిగి మద్రాసు రెజిమెంటు సైనికులు పదుగురిపై పడెను. వారిలో కర్నూలు జిల్లావాడగు ముస్తాక్ అహ్మదు ఒకడు. కన్నడిగుడగు హనుమంతప్ప ఒక్కడే దినముల తరబడి మంచుక్రింద నుండియు ప్రాణములతో వెలికి వచ్చెను. అతడును ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూసెను.

అట్లు బ్రదికియుండుట మిక్కిలి యరుదు. జారిన మంచు ఆగినతోడనే గట్టిపడి, చిక్కుకొన్నవారిని కదలనీయదు. పావుగంటలోపల త్రవ్వి తీసినచో పెక్కుమంది బ్రదుకుదురు. ఆపైన ఊపిరాడక ప్రాణము పోవును. కాబట్టి వాలును దాటునపుడు గుంపుగా గాక ఒక్కొక్కరుగా నడువవలెను. తక్కినవారు నడచువానిని కనిపెట్టి చూచుచుండవలెను.

చండీగఢ్‌నందలి రక్షణశాఖ పరిశోధకులు మంచుచరియలను గూర్చి హెచ్చరికలు ప్రకటించుచుందురు. దారి మూసినారన్నచో అది మన మేలుకొఱకే. సోదరీమణులారా! మీవారు యాత్రకు వెడలినపుడు, రాక ఆలస్యమైనదని యింటనుండి తొందరపెట్టకుడు. నాలుగు దినములు క్రింది యూరనే ఆగి రమ్మని మీరే చెప్పుడు. దర్శనము ఆలస్యమైనను కావచ్చును. మనిషి మరల రావలెను గదా!